స్ట్రెస్-స్ట్రెయిన్ మీద పేపర్ వెయ్యాలంటే ట్రెండ్ ఎట్టా చూడాలి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని ఎంతవరకు నమ్మాలి

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్, సివిల్ వాళ్లని ఎవుర్ని కదిలిచ్చినా ఒకటే మాట, సార్ స్కోపస్ జర్నల్ ఏదన్నా ఉంటే చెప్పండి, తొందరగా వేసేది. స్కోపస్ అంటే జర్నల్స్, వాటి పేపర్లు ఎక్కించే పెద్ద డేటాబేస్. టాపిక్ ఇంకా తేలి ఉండదు, యూటీఎం (శాంపిల్ని లాగి, నొక్కి విరగ్గొట్టే మిషన్) మీద ఒక్క శాంపిల్ కూడా విరిగి ఉండదు, జర్నల్ మాత్రం ముందే కావాల. నేను చెప్పేది దీనికి తిరగేసి. మీ పని స్ట్రెస్-స్ట్రెయిన్ (లోడ్ పెడితే వస్తువులో వచ్చే ఒత్తిడి, దానికది సాగే కొలత) సబ్జెక్టులో ఏ గుంపులోకి వస్తుందో ముందు తేల్చుకోండి, ఆ గుంపులో ఇప్పుడేం జరుగుతా ఉందో చూడండి, నంబర్లు ఆ తర్వాత. ఎందుకంటే ఈ సబ్జెక్టులో ఒక గుంపులో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారనే నంబరు) 2 అంటే గౌరవమైన జర్నల్, పక్క గుంపులో 8 అన్నా ఎవరూ తలెత్తి చూడరు. ఆ తేడా తెలీకుండా ఎవరో వాట్సాప్‌లో పంపిన లిస్టు పట్టుకోని పైనుంచి కిందికి వెతికితే టైమూ పోద్ది, డబ్బూ పోద్ది.

గుంపులంటే ఏందో చెప్తా. మొదటిది కొలిచే వాళ్లు. లోడ్ పెడితే పార్ట్ ఎంత సాగింది, ఎక్కడ స్ట్రెస్ ఎక్కువుంది అని ప్రయోగం చేసి చూసేవాళ్లు. వీళ్లకి పెద్ద చరిత్రే ఉంది, ఒత్తిడి పెట్టిన గాజులోంచి కాంతి పోతే రంగులు కనపడతాయని బ్రూస్టర్ 1816లోనే చూశాడు, అదే తర్వాత ఫోటోఎలాస్టిసిటీ అయింది, అతికించే స్ట్రెయిన్ గేజ్ 1938లో అమెరికాలో సిమ్మన్స్, రూజ్ అని ఇద్దరు ఎవరి మటుకు వాళ్లే తయారుచేశారు, 1980ల మొదట్లో సౌత్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు కెమెరా ఫోటోలతో స్ట్రెయిన్ కొలిచే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ మొదలుపెట్టారు. వీళ్ల జర్నల్స్ ఎక్స్‌పెరిమెంటల్ మెకానిక్స్, స్ట్రెయిన్, జర్నల్ ఆఫ్ స్ట్రెయిన్ అనాలసిస్ లాంటివి. ఈ గుంపులోకి దిగాలనుకునే వాళ్లు ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ కె. రమేష్ గారి ఎక్స్‌పెరిమెంటల్ స్ట్రెస్ అనాలసిస్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఫ్రీగా ఉండాయి, ముందు అవి చూడండి, తర్వాత పేపర్లు చదివితే బుర్రకెక్కుతాయి.

రెండోది థియరీ, ఫ్రాక్చర్ (పగులు), ప్లాస్టిసిటీ (లోడ్ తీసినా పోని వంపు) గుంపు. జర్నల్ ఆఫ్ ది మెకానిక్స్ అండ్ ఫిజిక్స్ ఆఫ్ సాలిడ్స్, ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ప్లాస్టిసిటీ, ఇంజనీరింగ్ ఫ్రాక్చర్ మెకానిక్స్ ఇక్కడివి. పగులు ఎట్టా పాకుతుందో లెక్కగట్టే ఫేజ్-ఫీల్డ్ మోడల్స్ ఇప్పుడు ఇక్కడ జోరు మీదుండాయి. మూడోది రెసిడ్యువల్ స్ట్రెస్ గుంపు, వెల్డింగ్ అయిపోయాక, 3డీ ప్రింట్ అయిపోయాక లోహంలో మిగిలిపోయే స్ట్రెస్. మెటల్ ప్రింటింగ్ వచ్చినాక ఈ గుంపుకి మళ్లీ గిరాకీ పెరిగింది. చిన్న బొక్క వేసి చూసే హోల్ డ్రిల్లింగ్ పద్ధతికి ఏఎస్‌టీఎం ఈ837 స్టాండర్డ్ ఉంది, ఎక్స్-రే డిఫ్రాక్షన్ ఉంది, 2001లో వచ్చిన కాంటూర్ మెథడ్ ఉంది. నాలుగోది సివిల్, రాళ్ల వాళ్లు, కాంక్రీట్ స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్, రాయి నలిగే బలం అదంతా.

అయిదోది అసలు పేరే స్ట్రెయిన్ ఇంజనీరింగ్. ఇది మెకానికల్ వాళ్లకి చాలామందికి తెలీదు. ఇక్కడ స్ట్రెయిన్‌ని కొలవటం కాదు, కావాలని పెట్టి మెటీరియల్ గుణం మార్చటం. సిలికాన్‌ని కొంచెం సాగదీస్తే ఎలక్ట్రాన్లు ఇంకా చురుగ్గా కదులుతాయి, ఇంటెల్ 2003లో 90 నానోమీటర్ చిప్పుల్లో దీన్ని పెట్టింది. 2008లో గ్రాఫీన్ షీటుని నొక్కి చూసి యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా నిలబడే గట్టిదనం) ఒక టెరాపాస్కల్ దాకా ఉందని, 25 శాతం దాకా సాగుతుందని సైన్స్ పత్రికలో వేశారు, అక్కణ్ణుంచి పలచటి మెటీరియల్స్ మీద స్ట్రెయిన్ పెట్టే పేపర్లు వరదే. దీనికి చుట్టం లాంటిది ఇంకో గుంపు, చొక్కాకి, చేతికి అతికించే సాగే స్ట్రెయిన్ సెన్సర్లు, కార్బన్ నానోట్యూబులు, మ్యాక్సీన్ (MXene) అనే పలచటి పొరల మెటీరియల్, నీళ్లు పట్టుకునే హైడ్రోజెల్. ఈ రెండు గుంపుల్లో పని చేసే వాళ్లు ఎక్కువ, పేపర్లు గబగబా వస్తాయి, ఒక్కో పేపర్లో రిఫరెన్సులు దండిగా ఉంటాయి, కాబట్టి సైటేషన్లు, అంటే ఇంకొకళ్లు తమ పేపర్లో మీ పేపర్ని ఉదహరించటం, కూడా వచ్చి పడతా ఉంటాయి.

ఇప్పుడు అసలు కిటుకు అర్థమయి ఉంటుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది ముందు రెండేళ్లలో వచ్చిన పేపర్లకి ఈ ఏడు సగటున ఒక్కోదానికి ఎన్ని సైటేషన్లు వచ్చినాయనే లెక్క. మెకానిక్స్ వాళ్లు పది పదిహేనేళ్ల నాటి పేపర్ని కూడా హాయిగా సైట్ చేస్తారు, కొత్త పేపర్ని జనం పట్టుకోవటానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ సైటేషన్ వచ్చేసరికి రెండేళ్ల కిటికీ మూసేసి ఉంటుంది. అందుకే ఎక్స్‌పెరిమెంటల్ మెకానిక్స్ లాంటి పాత పేరున్న జర్నల్ రెండు చుట్టుపక్కల ఉంటుంది, ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ప్లాస్టిసిటీ పది అటూ ఇటూ ఉంటుంది, నేచర్ మెటీరియల్స్ 30 దాటిపోతుంది. దీన్ని బట్టి స్ట్రెయిన్ గేజ్ మీద మంచి పని చేసినోడు హైడ్రోజెల్ సెన్సర్ చేసినోడి కంటే తక్కువోడని మేనేజ్‌మెంట్ వాళ్లు అనుకుంటే అది వాళ్ల కర్మ, మీరు మాత్రం అట్టా అనుకోబాకండి.

ట్రెండ్ చూసే పద్ధతి

మా కాలేజీకి స్కోపస్ లేదు సార్ అంటారు. లేకపోతే పోయింది, పేపర్లు వెతికే వేరే డేటాబేస్‌లు ఉండాయి. ఓపెన్‌అలెక్స్ ఉంది, 2022 నుంచి ఫ్రీగానే నడుస్తా ఉంది, లెన్స్ ఉంది, డైమెన్షన్స్‌కి ఫ్రీ వెర్షన్ ఉంది. గూగుల్ స్కాలర్ చదువుకోటానికి బ్రహ్మాండం గానీ ట్రెండ్ లెక్కకి పనికిరాదు, పైన చూపించే రిజల్ట్స్ సంఖ్య ఉజ్జాయింపే, పేజీ మారిస్తే అదీ మారుద్ది. లెన్స్‌లో గానీ ఓపెన్‌అలెక్స్‌లో గానీ వెతికి సంవత్సరం వారీగా లెక్క తీసుకోండి.

వెతికేటప్పుడు అసలు తలనొప్పి ఉండాది. ఊరికే స్ట్రెస్ అని కొడితే పరీక్షల టెన్షను, నర్సుల డ్యూటీ టెన్షను, నీళ్లు లేక ఎండే వరి పైరు, అన్నీ వచ్చి మీద పడతాయి. స్ట్రెయిన్ అని కొడితే బాక్టీరియా రకాలు, వైరస్ రకాలు, గుండె ఎకో రిపోర్టులో వచ్చే స్ట్రెయిన్. స్ట్రెయిన్ ఇంజనీరింగ్ అని మొత్తం పేరు కొట్టినా ఈస్ట్‌ని మార్చి మందులు చేసే బయోటెక్ వాళ్లు దూరతారు. షార్ట్ ఫామ్‌లు ఇంకా ఘోరం, డీఐసీ అంటే మనకి ఇమేజ్ కోరిలేషన్, డాక్టర్లకి రక్తనాళాల్లో రక్తం గడ్డలు కట్టే జబ్బు, సముద్రం వాళ్లకి నీళ్లలో కరిగిన కార్బన్. ఎఫ్‌బీజీ అంటే మనకి ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్, వాళ్లకి పొద్దున్నే ఏం తినకుండా చూసే షుగర్. ఇవి తియ్యకుండా గ్రాఫ్ గీసి ట్రెండ్ ఇట్టా పెరిగిందని థీసిస్‌లో పెట్టేస్తే ఎగ్జామినర్ నవ్వుకుంటాడు.

కాబట్టి షార్ట్ ఫామ్ కొట్టబాకండి, పూర్తి పేరు కోట్స్‌లో పెట్టి కొట్టండి. డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ అని పూర్తిగా, దానికి అండ్ పెట్టి డిఫర్మేషన్ ఆర్ స్ట్రెయిన్ ఫీల్డ్. టైటిల్, యాబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్స్ వరకే వెతకమనండి, ఫుల్ టెక్స్ట్ వద్దు. తర్వాత సబ్జెక్ట్ ఫిల్టర్లో ఇంజనీరింగ్, మెటీరియల్స్ సైన్స్ మాత్రమే ఉంచండి. ఇంకా చెత్త వస్తా ఉంటే నాట్ పెట్టి బాక్టీరియల్, ప్లాంట్, సైకలాజికల్ తీసెయ్యండి. అయిపోయాక వచ్చిన లిస్టులో అక్కడక్కడ యాభై టైటిల్స్ పట్టుకోని కంటితో చదవండి, వాటిల్లో పక్క సబ్జెక్టువి నాలుగైదు కంటే ఎక్కువుంటే మళ్లీ మొదటికి. ఇది విసుగ్గా ఉంటుంది గానీ ట్రెండ్ పనిలో సగం ఇదే, ఎవరూ చేసి చావరు.

లెక్క చేతికొచ్చినాక తొందరపడి పెరిగింది అనబాకండి. ప్రపంచం మొత్తం మీద పేపర్లు ఏటేటా పెరుగుతానే ఉండాయి. మీ టాపిక్ మీద పేపర్లు 200 నుంచి 400 అయినాయనుకోండి, అదే టైములో మొత్తం రంగంలో 10,000 నుంచి 20,000 అయితే మీ టాపిక్ ఉన్న చోటే ఉంది, వాటా 2 శాతమే. గ్రాఫ్ గీసేది సంఖ్యకి కాదు, వాటాకి గీయండి. ఇంకోటి, చివరి సంవత్సరం గీత కింద పడినట్టు కనపడితే కంగారు పడబాకండి, డేటాబేస్‌లోకి పేపర్లు ఎక్కటానికి టైం పడుతుంది, అందుకే చివరి సంవత్సరాన్ని వదిలెయ్యటమే మంచిది.

తర్వాత వాస్‌వ్యూయర్. నెదర్లాండ్స్ లైడెన్ యూనివర్సిటీ వాళ్లది, ఫ్రీ. సర్చ్ రిజల్ట్ ఫైలు అందులో పెడితే ఏ కీవర్డ్ ఏ కీవర్డ్‌తో కలిసి వస్తుందో బొమ్మ గీసి చూపిస్తుంది. ఇక్కడ అందరూ వదిలేసే పని ఒకటుంది, థెసారస్ ఫైలు. ఫైనైట్ ఎలిమెంట్ అనాలసిస్, ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్, ఎఫ్ఈఏ, ఎఫ్ఈఎం నాలుగూ నాలుగు బుడగలుగా వస్తాయి, అవన్నీ ఒకటే అని చిన్న టెక్స్ట్ ఫైలు రాసిస్తే ఒక్క పెద్ద బుడగ అయిపోద్ది. అది చెయ్యకపోతే చిన్న టాపిక్ పెద్దగా, పెద్ద టాపిక్ చిన్నగా కనపడుతుంది. ఓవర్‌లే అని ఒక వ్యూ ఉంటుంది, అందులో రంగుని బట్టి ఆ కీవర్డ్ సగటున ఏ సంవత్సరంలో వాడారో తెలుస్తుంది, పసుపు రంగులో చిన్న బుడగలు ఉన్న చోట కొత్త పని మొదలవుతా ఉందని అర్థం. పెద్ద బుడగ దగ్గరికి పోబాకండి, అక్కడ ఇప్పటికే జనం కిక్కిరిసి ఉంటారు. ఆర్ ప్రోగ్రాం వచ్చినోళ్లకి బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీ ఉంది, 2017లో వచ్చింది, కోడ్ రాయలేని వాళ్లకి దాని మీదే బిబ్లియోషైనీ అని బటన్లు నొక్కే రూపం ఉంది.

మిషన్ లెర్నింగ్ గురించి ఒక మాట. ఫిజిక్స్-ఇన్ఫార్మ్‌డ్ న్యూరల్ నెట్‌వర్క్స్ పేపర్ 2019లో జర్నల్ ఆఫ్ కంప్యుటేషనల్ ఫిజిక్స్‌లో వచ్చినకాడ్నించి మన సబ్జెక్టులో ఏ మ్యాప్ గీసినా ఆ బుడగ మెరుస్తా ఉంటుంది. దాన్ని చూసి ముప్పై కాంక్రీట్ క్యూబులు పగలగొట్టి, ఆ ముప్పై నంబర్ల మీద న్యూరల్ నెట్‌వర్క్ పెట్టి ఆర్-స్క్వేర్ (లెక్క డేటాకి ఎంత దగ్గరగా కుదిరిందో చెప్పే నంబరు, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 0.99 వచ్చిందని పంపిస్తా ఉండారు. మంచి జర్నల్లో రివ్యూయరు మొదట అడిగేది, ముప్పైకి ఇదెందుకయ్యా, స్ట్రెయిట్ లైన్ ఫిట్ చేస్తే ఎంతొచ్చింది అని. దానికి సమాధానం లేకపోతే ట్రెండ్ మిమ్మల్ని కాపాడదు.

మన దగ్గర దొరికే వాటితో ఏం చెయ్యొచ్చు

మన జిల్లాల్లో ఎం.టెక్ సివిల్ వాళ్లందరూ ఒకే దారి, గ్రానైట్ పొడి వేసి కాంక్రీట్, ఫ్లై యాష్ వేసి కాంక్రీట్, వరి పొట్టు బూడిద వేసి కాంక్రీట్. చీమకుర్తి క్వారీలు పక్కనే, కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంట్లు, రైస్ మిల్లులు సరే సరి, మెటీరియల్ ఊరికే దొరుకుద్ది, తప్పేం లేదు. కాకపోతే 5 శాతం, 10 శాతం, 15 శాతం కలిపి 28 రోజుల బలం రాసేసే పేపర్లు లెక్కలేనన్ని వచ్చేశాయి. అదే శాంపిల్‌కి మొత్తం స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్, ముఖ్యంగా పీక్ దాటినాక కిందికి దిగే భాగం పట్టుకుంటే పేపర్ విలువే మారిపోద్ది, దానికి డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్ ఉన్న మిషన్ కావాల, లోడ్ కంట్రోల్ మిషన్ మీద పీక్ రాగానే టప్పున పేలిపోద్ది.

చీమకుర్తి గెలాక్సీ రాయి మీద చెయ్యాలనుకునే వాళ్లకి చిన్న హెచ్చరిక. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గ్యాబ్రో జాతి రాయి, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. పేపర్లో గ్రానైట్ అని రాసేసి గ్రానైట్ లెక్కలతో పోల్చితే రాళ్ల సబ్జెక్టు రివ్యూయరు మొదటి పేజీలోనే పట్టేస్తాడు. ఇంకా ఆసక్తి ఉన్నోళ్లు మార్కాపురం పలక రాయి చూడండి, అది పొరలు పొరలుగా చీలే రాయి, పొరలకీ లోడ్ పెట్టే దిక్కుకీ మధ్య కోణం మారితే బలం బాగా మారిపోద్ది, సుమారు 30 డిగ్రీల కాడ బాగా బలహీనం. ఆ కోణం మార్చుకుంటా పొర ఎక్కడ జారడం మొదలుపెట్టిందో కెమెరాతో పట్టుకుంటే పలకలమ్ముకునే ఊరి రాయి మీద మంచి జర్నల్ పేపరే వస్తుంది.

కెమెరా అన్నాను కదా, డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ మన బడ్జెట్‌లో అయ్యే ట్రెండ్. ఖరీదైన సెటప్ లేకపోయినా మామూలు డీఎస్ఎల్ఆర్, ట్రైపాడ్, లైటు, ఎన్‌కార్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు, అది నడవటానికి మాట్‌ల్యాబ్ మాత్రం కావాల. శాంపిల్ మీద మెరవని తెల్ల పెయింట్ కొట్టి, ఆరినాక నల్ల పెయింట్ చుక్కలు చల్లాలి, ఫోటోలో ఒక్కో చుక్క 3 నుంచి 5 పిక్సెల్స్ ఉండాలి, అంతకంటే చిన్నదైతే లెక్క గలీజు అవుద్ది.

అన్నిటికంటే ముఖ్యం, శాంపిల్ కెమెరా వైపు జరగకూడదు. లెక్క చూడండి, కెమెరా అర మీటరు దూరంలో ఉంది, అంటే 500 మిల్లీమీటర్లు. లోడ్ పెట్టినప్పుడు గ్రిప్ సర్దుకోని శాంపిల్ ఒక్క మిల్లీమీటర్ కెమెరా వైపు వచ్చిందనుకోండి, బొమ్మ 500లో 1 వంతు పెద్దదైపోద్ది, సాఫ్ట్‌వేర్ దాన్ని స్ట్రెయిన్ అనుకుంటుంది, అది 0.2 శాతం, అంటే 2000 మైక్రోస్ట్రెయిన్. 250 మెగాపాస్కల్స్ దగ్గర ఈల్డ్ అయ్యే (లోడ్ తీసినా వెనక్కి రాకుండా సాగటం మొదలయ్యే) మామూలు స్టీలు 200 గిగాపాస్కల్స్ మాడ్యులస్‌తో 1250 మైక్రోస్ట్రెయిన్‌కే ఈల్డ్ అవుద్ది. అంటే నిజం కంటే అబద్ధం పెద్దది. అందుకే వెనక ఒక స్ట్రెయిన్ గేజ్ అతికించి రెండూ పోల్చి చూపించండి, కెమెరాని వీలైనంత దూరం పెట్టి జూమ్ చెయ్యండి. ఈ పోలిక గ్రాఫ్ పేపర్లో ఉందంటే రివ్యూయరు సగం మెత్తబడతాడు.

స్ట్రెయిన్ ఇంజనీరింగ్ వైపు పోవాలంటే మన కాలేజీల్లో క్లీన్ రూమ్ (చిప్పులు చేసే దుమ్ము లేని గది) ఉండదు, దాని గురించి ఏడవబాకండి. క్వాంటమ్ ఎస్ప్రెస్సో లాంటి ఫ్రీ ప్రోగ్రాంతో కంప్యూటర్ మీద లెక్కలు చెయ్యొచ్చు. నిజంగా శాంపిల్ చూపించాలంటే ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ మిషన్ ఉందో చూసి ఫీజు కట్టి బుక్ చేసుకోవచ్చు.

నంబర్లు

ఒక ఉత్తుత్తి జర్నల్ తీసుకుందాం. 2023లో 120 పేపర్లు, 2024లో 130 వేసింది. వాటికి 2025లో వచ్చిన సైటేషన్లు 500. 500ని 250తో భాగిస్తే 2025 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.0. అదే జర్నల్‌కి సైట్‌స్కోర్ చూస్తే 2022 నుంచి 2025 దాకా నాలుగేళ్లలో 480 పేపర్లు, ఆ నాలుగేళ్లలోనే వాటికి 1920 సైటేషన్లు అనుకుందాం, 4.0. జర్నల్ అదే, ఒక చోట రెండు, ఒక చోట నాలుగు. ఒకటి క్లారివేట్ వాళ్ల వెబ్ ఆఫ్ సైన్స్ నుంచి, ఇంకోటి ఎల్సెవియర్ వాళ్ల స్కోపస్ నుంచి. ఈ రెంటినీ ఒకదాంతో ఒకటి పోల్చేవాళ్లు, సైట్‌స్కోర్‌ని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని ప్రమోషన్ ఫారంలో రాసేవాళ్లు బోలెడు మంది, కమిటీలో తెలిసినోడు ఒక్కడున్నా దొరికిపోతారు.

అందుకే నేనైతే ఉత్త నంబరు వదిలేసి క్వార్టైల్ (కేటగిరీలో జర్నల్స్ని వరసలో పెట్టి నాలుగు భాగాలు చేస్తే ఎన్నో భాగంలో ఉందో) చూడమంటా, అదీ కేటగిరీతో కలిపి. సిమాగో సైటు ఫ్రీ, జర్నల్ పేరు కొడితే క్యూ1 నుంచి క్యూ4 దాకా రంగులతో చూపిస్తుంది. ఒకే జర్నల్ మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఒక క్వార్టైల్, మెకానికల్ ఇంజనీరింగ్‌లో ఇంకో క్వార్టైల్ ఉండొచ్చు, కాబట్టి క్యూ1 అని ఎవరన్నా చెప్తే ఎందులో అని అడగండి. గూగుల్ స్కాలర్ మెట్రిక్స్‌లో కూడా మెకానికల్ ఇంజనీరింగ్, స్ట్రక్చరల్ ఇంజనీరింగ్, కాంపోజిట్ మెటీరియల్స్ అని విడివిడిగా టాప్ 20 లిస్టులుంటాయి, గుంపు తెలుసుకోవటానికి అది మంచి మొదలు.

పేపర్ స్థాయిలో చూడాలంటే ఫీల్డ్ వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ అని స్కోపస్‌లో ఉంటుంది, అదే రంగం, అదే సంవత్సరం, అదే రకం పేపర్ల ప్రపంచ సగటు 1.0, మీది 1.5 అంటే సగటు కంటే 50 శాతం ఎక్కువ. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, మీది కాదు, ఇది మీ పేపర్‌ది, కాబట్టి ఇదే నయం. మనిషి స్థాయిలో హెచ్-ఇండెక్స్, 2005లో హర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చెప్పింది. మీ పేపర్ల సైటేషన్లు 9, 7, 6, 4, 2, 1 అనుకోండి, నాలుగు పేపర్లకి నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాయి, హెచ్ 4. ఇదే మనిషి ఐ10 (పది గానీ అంతకంటే ఎక్కువ గానీ సైటేషన్లున్న పేపర్ల సంఖ్య) సున్నా. గూగుల్ స్కాలర్లో హెచ్ ఎక్కువ, స్కోపస్‌లో తక్కువ చూపిస్తుంది, గూగుల్ థీసిస్‌లు, ప్రిప్రింట్లు కూడా లెక్కేస్తుంది కాబట్టి, అందుకే ఎక్కడ రాసినా ఏ డేటాబేస్‌దో పక్కన రాయండి.

డబ్బులు కట్టే ముందు

మెయిల్ వస్తుంది, డియర్ ఎమినెంట్ రీసర్చర్, మూడు రోజుల్లో పబ్లిష్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8. ఏ ఇంపాక్ట్ ఫ్యాక్టరో చూడండి, ముందు గ్లోబల్ అనో సైంటిఫిక్ అనో యూనివర్సల్ అనో తోక తగిలిచ్చి ఉంటుంది, అసలైంది క్లారివేట్ వాళ్ల జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉండేదే. ఐఎస్ఎస్ఎన్ ఉంది, డీఓఐ ఉంది అని మురిసిపోబాకండి, అవి బండి నంబరు ప్లేటు లాంటివి, ప్లేటున్న ప్రతి బండికీ బ్రేకులుంటాయని లేదు.

స్కోపస్ సోర్సెస్ పేజీ లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. అక్కడ జర్నల్ పేరుతో కాదు, ఐఎస్ఎస్ఎన్‌తో వెతకండి, పేర్లు ఒకేలా పెట్టుకునే దొంగలుంటారు. వచ్చినాక కవరేజ్ సంవత్సరాలు చూడండి, పక్కన డిస్‌కంటిన్యూడ్ అని ఉంటే అయిపోయినట్టే. అక్కడే ఆ జర్నల్ పబ్లిషర్ పేరు చూసి మీకు వచ్చిన లింక్‌లో ఉన్న పబ్లిషర్‌తో పోల్చండి, నిజం జర్నల్ పేరు మీద నకిలీ సైటు పెట్టి ఫీజులు వసూలు చేసే బ్యాచ్ ఉంది, వాటి జాబితా రిట్రాక్షన్ వాచ్ వాళ్లు ఫ్రీగా పెడతా ఉంటారు. పెద్ద పబ్లిషర్ అయినా స్పెషల్ ఇష్యూ అంటే ఒకసారి ఆగి ఆలోచించండి, వైలీ కొన్న హిందావీ జర్నల్స్‌లో 2023 ఒక్క ఏడాదే 8,000 పైన పేపర్లు వెనక్కి తీసుకున్నారు, చాలా వరకు స్పెషల్ ఇష్యూలే. టెలిగ్రామ్‌లో రెండో పేరు ఇంత, మూడో పేరు ఇంత అని అమ్మే వాళ్ల జోలికి అసలు పోబాకండి, పేపర్ వెనక్కి పోయినప్పుడు మీ పేరు మాత్రం నెట్‌లో అట్నే ఉంటుంది.

యూజీసీ-కేర్ లిస్టులో (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) ఉందా అని ఇంకా అడిగేవాళ్లున్నారు. ఆ లిస్టుని 2025లో యూజీసీయే ఆపేసింది, జర్నల్ మంచిదా కాదా తేల్చుకునే బాధ్యత సంస్థల మీద పెట్టింది. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అనే రూలు కూడా 2022 రెగ్యులేషన్స్‌లో తీసేశారు, కానీ మీ యూనివర్సిటీ సొంతంగా అడగొచ్చు. నెల్లూరు కాలేజీలు ఎక్కువ జేఎన్‌టీయూ అనంతపురం కింద, ప్రకాశం వైపు కాకినాడ కింద, సింహపురి యూనివర్సిటీ వాళ్లు వేరే, కాబట్టి ఫ్రెండ్ చెప్పిన రూలు కాకుండా మీ రిజిస్ట్రేషన్ నాటి ఆర్డినెన్స్ తీసి చదవండి.

చదవటానికి పేపర్లు దొరకవనేది నిజమైన బాధే. జర్నల్స్ చదవటానికి కేంద్రం పెట్టిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి నుంచి నడుస్తా ఉంది, 30 మంది పబ్లిషర్లు, 13,000 దాకా జర్నల్స్, కానీ మొదటి విడతలో ప్రభుత్వ సంస్థలకే, మన దగ్గర ఎక్కువున్న ప్రైవేట్ కాలేజీలకి కాదు. ప్రభుత్వ యూనివర్సిటీలో చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే లైబ్రరీలో కూర్చోని చదవటానికి పర్మిషన్ దొరుకుద్దేమో అడగండి. లేకపోతే ఆర్కైవ్ (arXiv) సైటులో ప్రిప్రింట్ (జర్నల్లో రాకముందే పెట్టే కాపీ), శోధ్‌గంగలో మన దేశం థీసిస్‌లు, అవీ దొరక్కపోతే రాసినాయనకే రెండు లైన్ల మెయిల్, చాలామంది పంపిస్తారు.

పంపించేటప్పుడు

మూడు జర్నల్స్ వరస రాసి పెట్టుకోండి, మీ గుంపులో పైది, మధ్యది, ఖాయంగా పట్టేది. మీ రిఫరెన్సుల లిస్టులో ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో అదే సామాన్యంగా మీ జర్నల్, ఒక్కసారి కూడా రాని జర్నల్‌కి పంపితే ఎడిటర్ మా స్కోప్ కాదు అని రెండు రోజుల్లో తిప్పి పంపుతాడు. మన దేశంలోవే కావాలంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల సాధన ఉంది, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ల జర్నల్స్ ఉండాయి, చిన్నచూపు చూడబాకండి. ఒకేసారి రెండు చోట్ల మాత్రం పంపకూడదు.

పేపర్లో గేజ్ రెసిస్టెన్స్ 120 ఓమ్‌లా 350 ఓమ్‌లా, గేజ్ ఫ్యాక్టర్ ఎంత, ఏ బ్రిడ్జి కట్టారు, లోడింగ్ రేటెంత, ఎన్ని శాంపిల్స్, ఎర్రర్ బార్లు, ఇవన్నీ రాయండి. ఇంజనీరింగ్ స్ట్రెస్సా ట్రూ స్ట్రెస్సా యాక్సిస్ మీద చెప్పకుండా కర్వ్ పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నెక్కింగ్ (శాంపిల్ ఒక చోట సన్నబడటం) మొదలైనాక రెండూ ఎక్కడికో విడిపోతాయి.

చివరికి యాక్సెప్ట్ అయినాక ఒక పేజీ వస్తుంది, ఓపెన్ యాక్సెస్ కావాలా అని, అక్కడ లక్షల్లో ఫీజు చూసి గుండె ఆగినంత పనవుద్ది. పాత పెద్ద జర్నల్స్ ఎక్కువ హైబ్రిడ్ (ఫీజు కట్టి అందరికీ ఫ్రీగా పెట్టొచ్చు, కట్టకుండా చందాదారులకే పెట్టొచ్చు), అదే పేజీలో కింద సబ్‌స్క్రిప్షన్ అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే పైసా కట్టక్కర్లా, పేపర్ అదే, స్కోపస్‌లో ఎక్కేది అదే, క్వార్టైల్ అదే. కలర్ బొమ్మలు ప్రింట్లో కావాలా అంటే వద్దనండి, ఆన్‌లైన్లో ఎట్టాగూ కలర్లోనే వస్తాయి. యాక్సెప్ట్ అయిన మీ వర్డ్ ఫైలుని పబ్లిషర్ చెప్పిన గడువు దాటినాక మీ కాలేజీ రిపాజిటరీలో పెట్టుకోవచ్చు, ఆ గడువెంతో ఆ జర్నల్ షేరింగ్ పాలసీ పేజీలో చూసుకోని పెట్టండి.